సముద్రానికి లారీ ట్యూబులు

2011లో ఒక బుధవారం ఉదయం. పది గంటలకల్లా మనవరాలు అఖిలను జనగామ చౌరస్తాలో కాలేజీ వ్యాను ఎక్కించాలని పాలకుర్తి అంజమ్మ అనుకుంది. ఎన్‌సీసీ పిల్లలను విశాఖపట్నం తీసుకుపోయి, తెరచాప పడవలో పది రోజులు సముద్రం మీద తిప్పుతారు. వ్యాను తప్పితే అఖిల బదులు ఇంకొకరు పోతారు.

అంజమ్మ ఇదివరకు బస్సెక్కించిన వాళ్ళలో ఇద్దరు, కూతురూ అల్లుడూ, తిరిగి రాలేదు. అందుకే ఈసారి జాగ్రత్తలన్నీ తానే చూసింది.

"అమ్మమ్మా, గక్కడ లైఫ్ జాకెట్ ఇస్తరే!"

"అది చినిగితే? బాయిల ఈత నేర్చినప్పుడు నిన్ను తేల్చింది జాకెటా, ట్యూబా?"

ఆటో ఐలేశ్ గాలి నింపిన రెండు లారీ ట్యూబులను టాపు మీద కట్టాడు. మొదటిది పంక్చరైతే రెండోది. పడవలో కరెంటుండదని ఒక కందిలి, సీసా నిండా కిరోసిన్ కూడా అంజమ్మ ఒళ్ళో పెట్టుకుంది.

చౌరస్తాలో తెలంగాణ కోసం రాస్తారోకో జరుగుతున్న సంగతి ముగ్గురికీ తెలియదు. రోడ్డు నడుమ టైర్ల మంట. ఎస్సై ఆటో ఆపాడు.

"ట్యూబులు ఏడ కాలవెట్టనీకి తెస్తున్నరు?"

"కాలవెట్టుడేంది సారు? సముద్రంల తేలనీకి!"

ఎస్సై నాలుగు దిక్కులా చూశాడు. "జనగామల సముద్రమేంది అవ్వ? మరి గీ గ్యాసునూనె?"

"కందిల్ల పోయనీకి. చీకట్ల ఎదురుంగ ఇంకో పడవొస్తే?"

"దిగుండ్రి ముగ్గురు!"

అవతల ఉద్యమకారుల నాయకుడు రామ్మోహన్ ఇదంతా చూసి లేచి నిలబడ్డాడు. "ముసలవ్వ ట్యూబులు మోసుకొచ్చింది! మనం ఉత్త చేతులతోని కూసున్నం, సిగ్గుండాలె!" జనం ఉరికొచ్చారు. అంజమ్మ మెడలో ఉద్యమ కండువా పడింది.

"రెండు మాటలు చెప్పవ్వా!"

"నాయినా, నా పిల్ల ఆగమైతది! టైమయితాంది!"

"ఇన్నరా? పిల్లల కోసమే వచ్చిందట!" చప్పట్లు మోగాయి.

ఆ ఊపులో ఎవరో ఒక ట్యూబును తెంపుకుపోయారు.

"అండ్ల గాలున్నదిరో!" అని ఐలేశ్ అరిచేలోగానే అది మంటలో పడింది.

పేలిన చప్పుడుకు చౌరస్తా మొత్తం బిగుసుకుపోయింది. రామ్మోహన్ బోర్లా పడ్డాడు. ఎస్సై టోపీ ఎటో ఎగిరిపోయింది.

"బాంబు!" అన్నారెవరో. పోలీసులు చేతికందిన వారినల్లా వ్యానులోకి తోశారు. కండువా ఉన్నందుకు అంజమ్మను ముందు ఎక్కించారు, వెనకాలే ఐలేశ్‌ను, రామ్మోహన్‌ను. ఎన్‌సీసీ ఖాకీ డ్రెస్సులో ఉన్న అఖిలను మాత్రం తమ మనిషే అనుకున్నారు.

"ఓ అమ్మాయీ, చూస్తవేంది? గక్కడ ఇరుక్కున్న కాలేజీ వ్యాన్‌ను జర దాటియ్యి!" అన్నాడు ఎస్సై.

అఖిల చేతులూపి జనాన్ని తప్పించింది, వ్యానును దాటించింది, తానూ అందులో ఎక్కింది. అప్పుడు పోలీసు వ్యాను కదలడం చూసి ఏడుపందుకుంది.

"అమ్మమ్మా, పైలం! కమ్మీ గట్టిగ పట్టుకో!"

సముద్రానికి పోయే పిల్ల తనకు జాగ్రత్తలు చెప్తుంటే అంజమ్మ ఏడవడం కూడా మర్చిపోయింది.

సాయంత్రం అందరినీ ఉంచిన ఫంక్షన్ హాలులో అంజమ్మ రామ్మోహన్ సెల్లు అడిగి తీసుకుని అఖిలకు ఫోన్ చేసింది.

"రైలెక్కిన అమ్మమ్మా. నువ్వేడున్నవ్?"

అంజమ్మ గుమ్మం దగ్గరి పోలీసుల వైపు చూసింది.

"నాకేం భయం బిడ్డా? నేను ఒడ్డు మీదనే ఉన్న."

ఒడ్డు మీద ఉన్నవాళ్ళకు మరునాటి సాయంత్రం జామీను దొరికింది.