లేబుల్ మాస్టారి ఉపన్యాసం

ఎనిమిదింటికి స్నానం, తొమ్మిదింటికి స్కూటర్, పదింటికి బస్సు డిపోలో ఉపన్యాసం, మధ్యాహ్నానికల్లా డిపో మందుల సలహాదారు పదవి. మందుల షాపు మాస్టారు ఆ రోజుకు వేసుకున్న పథకం ఇదీ. జలుబు మాత్ర అడిగినా సరే, డబ్బా మీద అక్షరాలన్నీ చదివి వినిపిస్తే గానీ చేతికివ్వరు కాబట్టి అందరూ ఆయన్ని లేబుల్ మాస్టారు అంటారు. నిద్రమాత్రల గురించి డ్రైవర్లకు చెప్పమని డిపోవాళ్లే కబురు పెట్టారు. బాగా చెబితే పదవి ఖాయమన్నారు. ఇరవై ఏళ్లుగా షాపు బల్ల వెనకే నిలబడ్డ మాస్టారికి ఆ ఆనందంలో ముందురోజు రాత్రి కంటి మీద కునుకు పడలేదు.

చివరికి తెల్లవారుజామున నాలుగింటికి, అలర్జీకీ నిద్రకీ వాడే మాత్ర ఒకటి మింగారు. అది వేసుకుంటే ఏడెనిమిది గంటలు పడుకోవాలని ఊరందరికీ చెప్పే మనిషే ఏడింటికి అలారం పెట్టుకున్నారు. లేచేసరికి ముక్కు కారుతోంది. వేదిక మీద తుమ్మితే పరువు పోతుందని అల్మారాలోని జలుబు సిరప్ రెండు మూతలు తాగేశారు. ఊళ్లో సీసాలన్నీ తిప్పి చదివే ఆయన, ఇంట్లో సీసాని మాత్రం తిప్పి చూడలేదు. అందులో ఉన్నదీ అదే మందు.

"కళ్లేంటండీ అలా ఉన్నాయి?" అంది భార్య.

"ఉత్సాహం."

"ఉత్సాహానికి చొక్కా తిరగేసి వేసుకుంటారా?" అంటూ ఆవిడ స్కూటర్ తాళం లాక్కుని, టాక్సీ పిలిచి, తనూ ఎక్కింది.

హాల్లో నూట యాభై మంది డ్రైవర్లు. మాస్టారు మైకు పట్టుకున్నారు. "ఈ మాత్ర వేసుకుంటే నోరు... నోరు..." అని ఆగిపోయారు. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. జగ్గెత్తి నీళ్లన్నీ తాగేశారు.

"నోరెండిపోతుందన్నమాట," అన్నాడు ముందు వరసలో ఒక డ్రైవరు. హాలంతా చప్పట్లు.

మాస్టారు కాగితాన్ని దగ్గరికి తెచ్చారు, దూరంగా పట్టారు, తలకిందులుగా తిప్పారు. అక్షరాలు అలుక్కుపోయాయి. "చూపు మసకబారుతుంది," అని డిపో సేఫ్టీ ఆఫీసరు మురిసిపోతూ రాసుకున్నాడు. "మర్నాడు కూడా మత్తు దిగదు," అని మాస్టారు అతికష్టం మీద ఒక్క వాక్యం పూర్తి చేసి, మెల్లగా నేల మీద కూలబడ్డారు. జనం ఈలలు వేశారు.

భార్య వేదిక మీదికి పరిగెత్తింది. "ఏమండీ, పొద్దున్న ఏం మింగారు?"

"నిద్రమాత్ర. తర్వాత... జలుబు సిరప్."

"రెండిట్లోనూ ఒకటే మందు కదండీ."

"ఒకటేనా?" అన్నారు మాస్టారు, కళ్లు మూసుకునే.

హాలు విరగబడి నవ్వింది. "ఇది నాటకం కాదు బాబూ, ఆ మందులు నిజంగానే మింగారు, డాక్టర్ని పిలవండి," అని ఆవిడ ఏడుస్తుంటే, ఈవిడ ఇంకా బాగా చేస్తోందని చప్పట్లు రెట్టింపయ్యాయి.

అదృష్టవశాత్తూ డిపో డాక్టరుకు నాటకాలంటే ఇష్టం లేదు. వచ్చి నాడి చూశారు, గుండె చూశారు. "ప్రమాదం లేదమ్మా. సాయంత్రం దాకా నా కళ్లముందే ఉంచుతాను. ఇలాంటి మందులు రెండు కలపకూడదు, మద్యంతో అసలే వద్దు. మత్తు పూర్తిగా దిగేదాకా బండి ముట్టుకోకూడదు. మనిషి లేపినా లేవకపోతే మాత్రం వెంటనే ఆసుపత్రే," అన్నారు. నూట యాభై మందీ నవ్వాపి రాసుకున్నారు.

మర్నాడు సేఫ్టీ ఆఫీసరు ఫోన్ చేశాడు. మాస్టారు సిగ్గుతో చితికిపోతూ, "సార్, అది నటన కాదు, నా బుద్ధితక్కువ పని," అన్నారు.

"డాక్టరు చెప్పారులెండి. అయినా ఈ పొద్దున్న నలభై మంది తమ జేబుల్లోని మాత్రలు తెచ్చి నా బల్ల మీద పోశారు. ఈ సిరప్ తాగి బండి తియ్యొచ్చా అని మరో పదిమంది క్యూ కట్టారు. పదవి మీదే. నెలనెలా వచ్చి చెప్పండి."

మాస్టారు ఎగిరి గంతేశారు. మరుసటి నెల ఏ మందూ ముట్టకుండా కంటినిండా నిద్రపోయి వెళ్లి, పద్నాలుగు లేబుళ్లు ఒక్క అక్షరం పొల్లుపోకుండా గంటన్నరసేపు గడగడా చదివారు. ఈసారి నూట యాభై మందీ, ఏ మాత్రా వేసుకోకుండానే, హాయిగా నిద్రపోయారు.