చుక్క తొణకని టీ

కిందటేడు ఆగస్టు పద్దెనిమిదో తేదీని రాళ్లవాగు గ్రామం ఇంకా మరిచిపోలేదు. ఆ రోజు పొద్దున టాక్సీ డ్రైవరు చంద్రమోహన్ రాత్రి మిగిలిన రాగిసంగటిని మజ్జిగలో పిసుక్కుని, ఉల్లిపాయ నంజుకుని తిన్నాడు. మధ్యాహ్నానికల్లా ప్రభుత్వం రాళ్లవాగు రోడ్డు దివ్యంగా ఉందని ధ్రువీకరించింది. ఈ రెంటికీ సంబంధం లేదు. సంగటి మాత్రం నిజంగానే బాగుంది.

రాళ్లవాగు నుంచి ఉదయగిరి–ఆత్మకూరు పెద్దరోడ్డు దాకా పోయే దారిని రికార్డుల్లో తారురోడ్డు అంటారు. తారు ఉందన్న మాట అబద్ధం కాదు. ఒక గుంత ఎక్కడ ముగిసి ఇంకోటి ఎక్కడ మొదలవుతుందో తెలియడానికి అక్కడక్కడా ఉంచారు. గుంతలకు పేర్లున్నాయి. రిబ్బను కత్తిరించిన నెలలోనే పడింది గనక మొదటిది ప్రారంభోత్సవ గుంత. దాని అవతలిది కాంట్రాక్టరు గుంత. ఆ కాంట్రాక్టరును తిట్టి గెలిచిన నాయకుడి పేరిట ఇంకొకటి ఉంది, కొంచెం పెద్దది. వాన పడితే వీటిలో నీళ్లు నిలుస్తాయి, ఆదిశేషమ్మ గొర్రెలు తాగుతాయి. రోడ్లు వేసేవాళ్లు చెరువులు తవ్వే పని కూడా ఉచితంగా చేసిపెట్టిన ఊరు జిల్లాలో ఇంకోటి ఉందో లేదో తెలియదు.

చంద్రమోహన్ ఆత్మకూరులో బి.ఏ. చదివాడు. అక్కడ నేర్చిన రాజనీతిశాస్త్రం ఉద్యోగం ఇవ్వలేదు గానీ, ముందు సీట్లో కూర్చునేవాళ్ల మాటలు వినే ఓపిక ఇచ్చింది. ముప్పయ్యేళ్లుగా టాక్సీ తోలుతున్న అతని లెక్కలో కాలాలు నాలుగు: ఎండాకాలం, ఏ.ఎస్. పేట దర్గాకు జనం కదిలే గంధం కాలం, పెళ్లి ముహూర్తాల కాలం, ఎన్నికల కాలం. వానాకాలం అనేది కూడా ఒకటుందని బడిలో చదివాడు. ఎన్నికల కాలంలో ముందు సీటువాళ్లు రోడ్డు వేస్తామంటారు. మిగతా కాలాల్లో వెనక సీటువాళ్లు వాళ్లేరీ అంటారు. బండి మాత్రం అన్ని కాలాల్లోనూ రెండో గేరులోనే పోతుంది.

అతని భార్య ప్రమీలమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే బతికేదని డాక్టరు అన్నాడు. ఆ కొంచెం ఎక్కడ పోయిందో చంద్రమోహన్‌కు తెలుసు. ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయే దారిలో ప్రారంభోత్సవ గుంతలోనే బండి ఇరుసు విరిగింది. అతను ఎవరినీ తిట్టలేదు, ధర్నా చేయలేదు. ఆ రోజు నుంచి అతని చక్రం ఒక్క గుంతలోనూ పడలేదు, అంతే.

ఇలా ఉండగా, టేపులు పట్టుకుని రోడ్లను కొలవడం అనాగరికమని ప్రభుత్వానికి తోచింది. రోడ్డు ప్రజల కోసం గనక ప్రజల సుఖమే కొలత కావాలని 'ప్రయాణికుల అనుభూతి పరిశీలన సంఘం' అని ఒకటి వేశారు. దాని అధ్యక్షుడు సురేంద్రబాబు. పద్ధతి శాస్త్రీయమైనది. అధ్యక్షుడు నిండు టీ గ్లాసు చేత పట్టుకుని ఆ రోడ్డు మీద ప్రయాణిస్తాడు. టీ తొణికితే రోడ్డు పాడైనట్టు, వారంలో కంకర, తారు వచ్చిపడతాయి. తొణకకపోతే బాగున్నట్టు. సర్కారు జీపు స్ప్రింగులు మరీ మెత్తగా ఉంటాయి గనక, నిష్పాక్షికత కోసం ఆ ఊరి అద్దెబండే ఎక్కాలి.

రాళ్లవాగులో ఉన్న అద్దెబండి ఒక్కటే. ఊరి పెద్ద జనార్దనయ్య తన వసారాలో సమావేశం పెట్టాడు. తొందరకు కారణం ఉంది. ఆదిశేషమ్మ కోడలు శ్వేతకు తొమ్మిదో నెల. అంబులెన్సు పెద్దరోడ్డు మీదే ఆగిపోతుంది, ఊళ్లోకి రాదు. కాన్పులోపు గుంతల్లో కంకరన్నా పడాలి.

"చంద్రమోహనా, ఇన్నేళ్లూ తప్పించినావు. ఈ ఒక్క పూట ఒక్కటి కూడా తప్పించబాక," అన్నాడు జనార్దనయ్య.

"ఆయన నడుముకు ఏమన్నా అయితే?"

"కానీలే. మన నడుములకు కాలేదా? బండికి ఏమన్నా అయితే ఊరు చూసుకుంటాది."

"ఆ గెలాసు పోయి ఆయన చొక్కా మీద పడాల అబ్బయా," అంది ఆదిశేషమ్మ. "పడకపోయిందా, మా పొట్టేలును నీ మీదికి ఇడుస్తా."

అప్పుడు జనార్దనయ్యకు మహత్తరమైన ఆలోచన వచ్చింది. ఇలాంటివి ఆయనకు తరచుగా వస్తాయి, అందుకే పెద్దమనిషి అయ్యాడు. "శ్వేతను కూడా వెనక సీట్లో కూసోబెడదాం. నిండు చూలాలు కుదుపులకు అల్లాడతా ఉంటే రాయికైనా జాలి పుడతాది." వసారా అంతా చప్పట్లు కొట్టింది. శ్వేతను ఎవరూ అడగలేదు. చంద్రమోహన్ ఏదో అనబోయి, చప్పట్లు ఆగాక చెబుదామని ఊరుకున్నాడు. అవి ఆగేసరికి అందరూ లేచిపోయారు.

పద్దెనిమిదో తేదీన సురేంద్రబాబు వచ్చాడు. జనార్దనయ్య ఇంటి టీని స్టీలు గ్లాసులో అంచు దాటి ఉబ్బేలా పోశారు. ఆయన దాన్ని జాతీయ పతాకంలా ఎత్తిపట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక ఆదిశేషమ్మ, శ్వేత కూర్చున్నారు. "మిత్రమా, సహజంగా నడుపు. అనుభూతికి అబద్ధం తెలియదు," అని ఆయన సెలవిచ్చాడు.

చంద్రమోహన్ గట్టిగా నిశ్చయించుకున్నాడు. ప్రారంభోత్సవ గుంత దగ్గరకు రాగానే స్టీరింగును సూటిగా బిగించి పట్టాడు. అప్పుడే అద్దంలో శ్వేత కనిపించింది. ఒక చెయ్యి తలుపు మీద, ఒక చెయ్యి కడుపు మీద. పళ్లు బిగించి, రాబోయే దెబ్బ కోసం చూస్తోంది. అతని చేతులు ఎవరినీ అడగకుండా ఎడమకు తిరిగి, కుడికి తిరిగి, గుంత అంచున వెంట్రుకవాసి తారు మీదుగా బండిని దాటించాయి.

"దించబ్బయా! దించు!" అని వెనకనుంచి ఆదిశేషమ్మ కేక పెట్టింది.

"ఏం దించాలమ్మా?" అన్నాడు సురేంద్రబాబు, కళ్లు టీ మీదనుంచి తిప్పకుండా.

"అద్దం సార్. ఉక్కగా ఉండాది," అంది ఆమె.

కాంట్రాక్టరు గుంత వచ్చింది. కళ్లు మూసుకుందామా అనుకున్నాడు చంద్రమోహన్. మూసుకున్నా తప్పిస్తానని అతనికే తెలుసు. సీటు వెనకనుంచి శ్వేత మెల్లగా అంది: "నాకేం కాదులే మామా. గట్టిగా పట్టుకోనుండా. పోనీ."

ఆ మాట అనకుండా ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. అన్నాక మాత్రం బండి రాళ్లవాగు రోడ్డు మీద తెప్పలా తేలిపోయింది. ఆదిశేషమ్మ దారిపొడవునా అద్దం దించమని మొత్తుకుంటూనే ఉంది, అద్దం పూర్తిగా దిగి ఉన్నా. పెద్దరోడ్డు చేరాక సురేంద్రబాబు గ్లాసులోకి చూసి, చుక్క తగ్గలేదని నిర్ధారించి, చల్లారిన టీని ఒక్క గుక్కలో తాగేశాడు.

బండి తిరిగి ఊళ్లోకి వచ్చాక సభ జరిగింది. "సోదరులారా! తారుకూ హాయికీ సంబంధం లేదని ఈ పుణ్యగ్రామం రుజువు చేసింది," అన్నాడు సురేంద్రబాబు. "ఆ గర్భవతి ముఖంలో ఎంత ప్రశాంతత! నా కళ్లు చెమర్చాయి. ఇక రోడ్ల మీద ప్రజాధనం వృథా చేయం. రాళ్లవాగు విధానాన్ని రాష్ట్రమంతటా డ్రైవర్లకు నేర్పిస్తాం." చంద్రమోహన్‌కు శాలువా కప్పాడు. అందరికంటే ముందు జనార్దనయ్య చప్పట్లు కొట్టాడు. నడుముకు బెల్టులు కట్టుకున్నవాళ్లు కూడా లేచి నిలబడలేక, కూర్చునే కొట్టారు. మన రోడ్డు గురించి ఇంత పెద్దమనిషి ఇంత మంచిమాట అనడం అదే మొదటిసారి మరి.

సభ ముగిశాక ఆదిశేషమ్మ అతన్ని పట్టుకుంది. "ఏంది చంద్రా, నీ చేతులు ఇరిగినాయా?"

"ఇరగలేదక్కా. అదే వచ్చింది తంటా."

ఆమె ఇంకా తిట్టేదే. శ్వేత ఆమె కొంగు పట్టుకుని ఇంటికి లాక్కుపోయింది.

వారంలో చుట్టుపక్కల ఊళ్లు మేలుకున్నాయి. ఇన్నేళ్లూ రోడ్డు కావాలని అర్జీలు పెట్టుకున్నవాళ్లంతా పొరపాటు గ్రహించి, తమకూ ఒక చంద్రమోహన్‌ను మంజూరు చేయమని ఊరేగింపులు తీశారు. అధికార పక్షం మండలానికొకడు అంది. ప్రతిపక్షం ఊరికొకడు అంది. వచ్చే ఎన్నికలు ఈ అంశం మీదే జరుగుతాయని తెలిసినవాళ్లు అంటున్నారు. చదువుకున్న పాఠకులు ఎవరివైపో ఈపాటికి తేల్చుకునే ఉంటారు.

చంద్రమోహన్ బాడుగలు మానేశాడు. టాక్సీని తెచ్చి ఆదిశేషమ్మ వాకిట్లో, ముఖం పెద్దరోడ్డు వైపు పెట్టి నిలిపాడు. పొద్దు కుంకగానే వెనక సీట్లో కాళ్లు ముడుచుకుని పడుకునేవాడు. ఆదిశేషమ్మ అప్పటికింకా అతనితో మాట్లాడటం లేదు. ఒక రాత్రి వచ్చి, దోమలు కుట్టకుండా అతని మీద దుప్పటి కప్పి, ఒక చెంబు నీళ్లు పక్కన పెట్టి, లోపలికి పోయి ఇంటి తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసుకుంది. కోడలు లేస్తుందని కాదు. అతని నిద్ర చెడకూడదని. ఆ ఊరికి ఉన్న రోడ్డు అతనొక్కడే.