తడిపిన కట్టె, ఎండబెట్టిన కట్టె

శుక్రవారం పొద్దున బసన్న వేసుకున్న పథకం చిన్నదే. ఎమ్మిగనూరులో తొలి బస్సు ఎక్కి ఆదోని పోవడం, హుస్సేన్ కట్టెల డిపోలో ద్వారబంధానికి వేప కట్టెలు కొనడం, మధ్యాహ్నానికి తిరిగొచ్చి నేతకు మగ్గం గుంటలో దిగడం. వచ్చే గురువారం తొమ్మిదింటికి కొత్తింటి ద్వారబంధం ఎత్తే ముహూర్తం. అది తప్పితే ఆషాఢం, నెల ఆగాలి. అతని భార్య హులిగమ్మ ఇరవై ఆరేళ్లుగా అద్దె ఇళ్ల గడపలకే పసుపు పూసింది. సొంత గడప కావాలని ఒక్కసారీ అడగలేదు. అడగని కోరిక వాయిదా వేయడం కష్టమని బసన్నకు తెలుసు.

హుస్సేన్ రెండు రకాలు చూపించాడు. ఒకటి రెండేళ్లు నీడలో ఆరింది, తేలిగ్గా ఉంది. రెండోది నున్నగా, బరువుగా ఉంది.

"ఆరిందే తీసుకోప్పా. అది పచ్చిది. ఆ బరువంతా నీళ్లే."

చేతిలో బరువును బట్టి చీర మంచిచెడ్డలు చెప్పే నేతగాడు బసన్న. పైగా, అమ్మడం ఇష్టంలేని చీరను కొనేవాడి ముందు తానే తక్కువ చేసి మాట్లాడతాడు. హుస్సేన్ కూడా అదే చేస్తున్నాడని లెక్క కట్టాడు.

"నాకు బరువుదే కావాల."

"నీ ఇష్టం. అడుగున దిమ్మెలు పెట్టి, కట్టెకు కట్టెకు మద్దె సందు వదిలి, గాలి ఆడే నీడలో పేర్చు. తడి తగలనీకు, ఎండ తగలనీకు."

బసన్న తల ఊపాడు. మగ్గం పక్కన నీడలో, చెప్పినట్టే పేర్చాడు కూడా. కానీ పొడి గాలికి నూలు తెగుతుందని రోజూ మగ్గం చుట్టూ నీళ్లు చల్లే మనిషికి, కట్టెకు దాహం వేయదంటే నమ్మకం కుదరలేదు. శనివారం తెల్లారుతుండగా తడిగుడ్డలు చుట్టి, హులిగమ్మ లేచేలోగా తీసేశాడు. చెబితే కంగారు పడుతుందని చెప్పలేదు.

అతను నూలుకు బజారు పోగానే హులిగమ్మ కట్టెలు తాకి చూసింది. చెమ్మ. మగ్గం గుంటలోని తేమ కట్టెకు ఎక్కుతోందనుకుంది. మగ్గాన్ని తప్పుపడితే మొగుడు నొచ్చుకుంటాడు. అందుకని పక్కింటి ఉమారాణి సాయంతో వాటిని ఎండలో వేసి, అతను వచ్చేలోగా మళ్లీ అక్కడే సర్దేసింది.

సాయంత్రం బసన్న చెయ్యి వేస్తే కట్టె వేడిగా తగిలింది. మర్నాడు రెండు గుడ్డలు ఎక్కువ చుట్టాడు. అతను కొత్తింటి పని చూసేందుకు పోగానే ఆమె రెండు గంటలు ఎక్కువ ఎండబెట్టింది. ఇలా ఒకరి శ్రమను ఒకరు శ్రద్ధగా రద్దు చేసుకుంటూ వచ్చారు. నష్టమంతా కట్టె భరించింది.

మంగళవారం వడ్రంగి జయన్న వచ్చి, ఒక కట్టెకు కన్ను ఆనించి చూశాడు.

"అన్నా, ఇవి ద్వారబంధానికా, ఎద్దుల కాడిమానుకా?"

"ఏమైనాదిరా?"

"ఒకటి నడుము వంచినాది, ఇంకోటి మెలి తిరిగినాది. దీనికి తలుపు బిగిస్తే పిల్లికి వేరే దావ అక్కర్లేదు."

హులిగమ్మ మంచినీళ్లు తెస్తానని లోపలికి పోయి చాలాసేపు రాలేదు. కాసేపటికి బసన్న సందులోకి పోయి ఫోను చేశాడు.

"హుస్సేనన్నా, రేపు ఆ ఆరిన కట్టెలు తెచ్చియ్యి. మా ఇంటామెకు తెలియనీకు. నేను తడిపి చెడగొట్టినానంటే ఆమె తట్టుకోలేదు."

అవతల హుస్సేన్ రెండుసార్లు దగ్గి, సరే అన్నాడు.

బుధవారం పొద్దునే హుస్సేన్ తెచ్చిన ఆటోలోంచి ఒక్క ద్వారబంధానికి సరిపడా కట్టెలు దిగాయి. మొగుడూ పెళ్లాం ఒకేసారి బయటికొచ్చారు.

"ఇవి ఎవరు తెమ్మన్నారన్నా?" అని హులిగమ్మ ఆశ్చర్యపడింది.

"అవునప్పా, ఎవరు తెమ్మన్నారు?" అని బసన్న అంతకంటే ఎక్కువ ఆశ్చర్యపడ్డాడు.

"ఇద్దరూ," అన్నాడు హుస్సేన్. "నిన్న నీకంటే ముందు ఆయమ్మ ఫోను చేసింది. మా ఆయనకు తెలియనీకు, బాధపడతాడు అన్నాది. బేరాలు రెండు, వాకిలి ఒకటి. ఇద్దరూ ఏడ్పు గొంతుతో అడిగితే రెండుసార్లు ఎట్ల అమ్మేదప్పా?"

బసన్న నేల చూపులు చూశాడు. "పొద్దున పొద్దున తడిపింది నేనే."

"ఎండలో ఏసింది నేను."

"నువ్వా? కట్టెకు జరమొచ్చినాదేమో అనుకుంటినే."

హులిగమ్మ నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఇకమీద ఏదున్నా ఒకరికొకరు చెప్పుకోవాలని హుస్సేన్ ముందే ఇద్దరూ ఒప్పందానికి వచ్చారు.

జయన్న సాయంత్రానికల్లా పని ముగించాడు. గురువారం తొమ్మిదింటికి ద్వారబంధం నిటారుగా నిలబడింది. హులిగమ్మ తన గడపకు పసుపు పూస్తుంటే బసన్న గిన్నె పట్టుకుని పక్కనే కూర్చున్నాడు. గడప ఈ చివరి నుంచి ఆ చివరికి నాలుగడుగులే. ఆమెకు చాలా సేపు పట్టింది.

ముహూర్తానికి పిలుపు మీద వచ్చిన హుస్సేన్, సాయంత్రం ఆదోనిలో ఇంటికి పోయి సంచి విప్పితే అతని భార్య దస్తగిరమ్మకని రెండు చీరలు బయటపడ్డాయి. ఒకటి బసన్న పెట్టాడు, ఒకటి హులిగమ్మ పెట్టింది, రెండోవాళ్లకు చెప్పొద్దని ఇద్దరూ విడివిడిగా అతని చేత ఒట్టు వేయించుకున్నారు.