భయరత్న

మా వీధి చివర సినిమా హాలువారు నాకు 'భయరత్న' అనే బిరుదు ప్రదానం చేశారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. భయపడటంలో నేను చేసిన విశేష కృషికి గుర్తింపుగా ఒక చెక్కపలక, జీవితకాలం ఉచిత ప్రవేశం ఇచ్చారు. జీవితకాలమంటే ఎవరిదని అడిగాను. సినిమాదట.

ఆ సినిమా సంగతి తెలియనివారికి రెండు మాటలు. అందులో అయిదు దెయ్యం కథలున్నాయి. అయిదూ ఎవరో తీసి పారేసుకుంటే మరెవరికో దొరికిన వీడియోలని మనం నమ్మాలి. అందుకని బొమ్మను ఎంతో కష్టపడి చెడగొట్టారు. మొదటి కథలో ఒకడు దెయ్యానికి భయపడి పారిపోతూ చెప్పులు వదిలేస్తాడు, పెళ్లాన్ని వదిలేస్తాడు, కెమెరాను మాత్రం వదలడు. రెండోది లిఫ్టులో జరుగుతుంది. ఎక్కువ భాగం తలుపే. మూడోది అద్భుతమని మేధావులంటున్నారు. అంతా చీకటి కాబట్టి కాదనేందుకు ఎవరికీ ఆధారం లేదు. నాలుగో కథలో దెయ్యం వీడియో కాల్ చేస్తుంది. సిగ్నల్ అందక పెట్టేస్తుంది. మా పల్లె బడిలో కథకు మొదలూ నడుమా చివరా ఉండాలని బెత్తంతో నేర్పారు. వీళ్లకు అన్నీ దొరికాయి గానీ ఆ బెత్తం దొరకలేదు.

అయిదో కథ మా ఇల్లు.

దర్శకుడు నా చెల్లెలి కొడుకు. అసలైన పాత కెమెరా కావాలంటూ వచ్చి, మా బీరువా మీద ఉన్నదాన్ని పట్టుకుపోయాడు. లోపల టేపుంది. నా భార్య పోయి అప్పటికి చాలా కాలమైంది. కెమెరా కొన్న రోజున ఆమె దాన్ని అటూ ఇటూ నొక్కి చూసింది. అది పనిచేస్తోందని ఆమెకు తెలియదు. కాబట్టి టేపులో ఉన్నది మా ఇంటికప్పు, తిరిగే ఫ్యాను, సగం తలుపు, ఆమె గొంతు.

"ఏవండీ, ఇది తిరుగుతోందా? ఎర్ర లైటేదో వెలుగుతోంది. మిమ్మల్నే. పలకరేం?"

నేను పక్క కుర్చీలోనే పేపరు చదువుతున్నాను. 'ఊ' అన్నాను. యంత్రం దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. తర్వాత ఆమె కన్నొకటి తెరంతా నిండుతుంది. ఇంకేదో మాట అంటుంది, మెల్లగా. అంతటితో బొమ్మ ఆగిపోతుంది.

ఆమె గొంతంటూ మిగిలింది అదొక్కటే. కాపీ తీస్తుండగా టేపును యంత్రం నమిలేసింది. సినిమా ఒకసారి చూసొచ్చాక, ఆ కాపీ నాకివ్వమంటే మేనల్లుడు తల గోక్కున్నాడు.

"అది కంపెనీ సొత్తు మావయ్యా. నాకే ఇవ్వరు. హాల్లో చూసుకో, ఎంత పెద్దగా కనబడుతుందో!"

"మీ అత్తను చూడ్డానికి నేను టికెట్టు కొనాలట్రా? పోనీ, చివర్లో ఏమంటుందో అదైనా చెప్పు."

"ఏదో గొణిగింది. దాని మీద గాలి శబ్దం వేశాం. వినబడకపోవడమే ఆర్టు మావయ్యా."

ఆ గాలి వెనక మాట కోసం రోజూ మ్యాట్నీకి వెళ్లడం మొదలుపెట్టాను. అయిదో కథకు ముందు తెర మీద ఒక ప్రకటన పడుతుంది: 'ఈ వీడియో ఒక పాడుబడిన ఇంట్లో దొరికింది. అక్కడ బతికున్నవారెవరూ లేరు.' ఆ ఇల్లు రోజూ ఊడ్చేది నేను. మొదట అవమానంగా తోచింది. ఇంటికెళ్లి నాలుగు గదులూ చూసుకున్నాక మా వాడిలో కాస్త ప్రతిభ ఉందనిపించింది.

అయిదో కథ రాగానే జనం లేచేవారు.

"దెయ్యమేదిరా?"

"ఆమేనేమో."

"ఛ, మొగుణ్ణి పిలుస్తోంది. మా ఇంట్లో రోజూ ఇదే గోల. పద, టీ తాగుదాం."

కుర్చీలు దడదడమనేవి. ఆ చప్పుడు సద్దుమణిగాక హాల్లో నేనూ ఆమే మిగిలేవాళ్లం. 'పలకరేం?' అనగానే 'ఊ' అనేవాణ్ని. ఇంత అన్యోన్యంగా మేం కాపురంలో కూడా లేం. చివరి మాటలో 'మీకు' అన్నంతవరకూ పట్టుకోగలిగాను. మిగతాది ఇవాళో రేపో అందుతుందనగా మేనల్లుడు ఫోన్ చేశాడు.

"మావయ్యా, అయిదోది కోసేస్తున్నారు. జనం లేచిపోతున్నారట. ఒక్కడైనా భయపడి అరిచుంటే ఉంచేవాళ్లు."

బడిలో జవాబు తెలిసినా గొంతెత్తనివాణ్ని నేను. మర్నాడు మ్యాట్నీలో, జనం ఇంకా లేవకముందే, ఫ్యాను కనబడగానే కెవ్వున అరిచాను. అరిచి, రెండు వరసల మధ్య పడిపోయాను. మోకాలు నిజంగానే చిట్లింది. మేనేజరు నీళ్లు చల్లాడు. ఎవరో ఫోన్లో వీడియో తీశారు. బొమ్మ వణుకుతూ, మసకగా, నా ముఖం సగమే కనబడుతూ వచ్చిన ఆ వీడియో సినిమాలోని అయిదు కథలకన్నా బాగుందని లోకం ఏకగ్రీవంగా తేల్చింది.

కోత ఆగిపోయింది. హాలు నిండింది. అంతకుముందు టీకి లేచినవారే తిరిగి వచ్చి, తమకు మొదటినుంచీ ఒళ్లు జలదరించిందని చెప్పుకున్నారు. మేధావులు మూడో కథను వదిలి అయిదో కథకు మారారు. ఆ ఫ్యాను కాలచక్రానికి ప్రతీక అని రాశారు. అది నేను బేరమాడి కొన్న ఫ్యాను.

బిరుదు ప్రదానం నాడు మేనేజరు ప్రసంగించాడు. "ఈ పెద్దాయన భయపడకపోతే మనకు భయమంటే ఏమిటో తెలిసేదే కాదు! వారు పడిపోయారు, కళ నిలబడింది!" చప్పట్లు. నన్నూ మాట్లాడమన్నారు. అయిదో కథ నడిచేటప్పుడు దయచేసి నిశ్శబ్దంగా ఉండమని కోరాను. గొప్ప హాస్యమనుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు ఫ్యాను కనబడిందంటే చాలు, హాలంతా అరుపులే. ఆమె 'ఏవండీ' అనేది కూడా వినబడదు. నా వరసలో ఒకాయన పేలాల పొట్లం తెరిచి పెట్టుకుని మరీ అరుస్తాడు. మేనేజరుతో మొరపెట్టుకున్నాను.

"మొదలుపెట్టింది మీరే కదా తాతగారూ," అన్నాడు. "వచ్చే వారం సినిమా తీసేస్తున్నాం. ఈలోగా మీరూ ఓ అరుపు అరిచిపొండి."

మీరూ ఆ సినిమా చూసే ఉంటారు. పక్కవాడు అరిచాడని మీరూ అరిచే ఉంటారు. తప్పు పట్టడం లేదు, బిరుదు నాది. ఒకటే అడుగుతున్నాను. మీ అరుపుకీ పక్కవాడి అరుపుకీ మధ్య, 'మీకు' అన్న తర్వాత ఆమె ఏమందో మీలో ఒక్కరైనా విన్నారా?

మిమ్మల్నే. పలకరేం?