ఆరూ నలభైకి ఆగిన తుఫాను

ఆ రోజు ఎలక్ట్రికల్ ఇంజినీరు జెరూష చేయాల్సిన పనులు ఇవి: స్టూడియోలో పెద్ద ఫ్యాను నడిపే డ్రైవ్ అనే కంట్రోలు పెట్టెలోంచి పాత ఫాల్టులన్నీ తీసి రాసుకోవాలి. ఫ్యాను ఆగకముందే హారన్ మోగేలా అలారం పెట్టాలి. మధ్యాహ్నానికల్లా తుఫాను తెప్పించాలి. బసవపున్నయ్యగారికి ఎదురుపడకూడదు.

చివరిది మొదటి పది నిమిషాల్లోనే తప్పిపోయింది.

"భయపడకమ్మాయీ! నేరం ఎక్కడుంటే ఈ బసవపున్నయ్య అక్కడుంటాడు!"

నలభై సినిమాల్లో చివరి సీనులో జీపు దిగి బేడీలు వేసిన ఇన్‌స్పెక్టర్ ఆయన. అందుకే తనలో మహా అపరాధ పరిశోధకుడు ఉన్నాడని గట్టి నమ్మకం. హీరో అందర్నీ చితక్కొట్టాకే ఎప్పుడూ తన జీపు వచ్చేదన్న సంగతి మాత్రం ఆయనకు తట్టలేదు.

ఫిల్మ్ నగర్‌లోని ఆ ఫ్లోర్లో మూడు రోజులుగా తుఫాను సీను తీస్తున్నారు. పొద్దున డూపుతో తీసినంతసేపూ ఫ్యాను బంగారంలా తిరుగుతుంది. హీరోగారు వచ్చే వేళకి ఠపీమని ఆగి, సాయంత్రం దాకా లేవదు.

"ఇయ్యాల గూడ ఆగిందనుకో సెబాస్టియన్, రేపట్నుంచి గీడికి రాకు" అన్నాడు మేనేజర్ జగదీశ్.

ఇరవై రెండేళ్ళుగా ఆ ఫ్యాను నడుపుతున్న సెబాస్టియన్, చేతిలోని గుడ్డతో శుభ్రంగానే ఉన్న స్విచ్‌ని మళ్ళీ తుడిచాడు.

జెరూష డ్రైవ్ తెర మీద ఫాల్టుల జాబితా తెరిచింది. మూడు రోజులు, మూడు ఫాల్టులు. మూడూ 'వోల్టేజీ తక్కువ'. మూడూ ఉదయం ఆరూ నలభైకే.

భూతద్దం పట్టుకుని ఆమె భుజం మీదుగా తొంగిచూసిన బసవపున్నయ్య ఎగిరి గంతేశాడు. "ఆరూ నలభైకి ఇక్కడ ఎవరుంటారు?"

"నేనే ఉంటానండి. తాళం తీసేది నేనే కదా" అన్నాడు సెబాస్టియన్ అమాయకంగా.

"నేరం ఒప్పేసుకున్నాడు!"

"సార్, ఫ్యాను ఆగింది మధ్యాహ్నం కదా?" అంది జెరూష.

"పిచ్చిపిల్లా! విషం పొద్దున పెట్టాడు. ప్రాణం మధ్యాహ్నం పోయింది."

జగదీశ్ తలాడించాడు. సినిమా వాళ్ళకి విషం తొందరగా అర్థమవుతుంది.

"కాదు సార్, దీని గడియారం విదేశీ టైములోనే ఉండిపోయింది. ఐదున్నర గంటలు కలపాలి. అంటే మధ్యాహ్నం పన్నెండూ పది. అప్పుడేం జరుగుతుందో చూడాలి."

"గడియారం మీద గిట్ల నింద ఏస్తే నా షూటింగ్ నడుస్తదా?" అన్నాడు జగదీశ్.

వాదించడం ఆమెకి రాదు. గడియారం సరిచేసింది. వోల్టేజీ తగ్గడం మొదలవగానే అరిచేలా అలారం పెట్టింది.

సరిగ్గా పన్నెండూ పదికి, ఫ్యాను జోరుగా తిరుగుతుండగానే హారన్ కుయ్యోమని లేచింది. సెబాస్టియన్ ఉలిక్కిపడి తలుపు వైపు చూశాడు.

"పారిపోతున్నాడు! కదిలావో కాల్చేస్తా!" చేతిలో ఉన్నది అరటిపండు. దాన్ని గురిపెట్టి దూకిన బసవపున్నయ్య, గుమ్మంలో లావుపాటి కేబుల్‌కి కాలు తగిలి బోర్లాపడ్డాడు. గోడలోంచి ప్లగ్గు ఊడొచ్చింది.

హారన్ ఆగింది. ఫ్యాను మాత్రం ఆగలేదు.

జెరూష ఆ ప్లగ్గు మళ్ళీ పెట్టింది. హారన్. తీసింది. నిశ్శబ్దం. కేబుల్ వెంట నాలుగడుగులు వేసింది. అది అప్పుడే వచ్చి ఆగిన హీరోగారి విశ్రాంతి బండి, కారవాన్‌లోకి వెళ్ళింది. లోపల్నుంచి కేక: "ఏసీ ఎవడ్రా ఆపింది?"

జగదీశ్ ముఖం తెల్లబోయింది. "అమ్మా, రిపోర్టుల గా కారవాన్ సంగతి వద్దు. ఎలుకలని రాయి."

"ఎలుకలకి ఏసీ ఉండదు సార్."

చూసింది చూసినట్టే రాసింది: కారవాన్ ఏసీ వేయగానే ఫ్యానుకి వోల్టేజీ పడిపోతోంది కాబట్టి దానికి వేరే జనరేటర్ పెట్టాలి. ఆపరేటర్ తప్పు లేదు. ఆ రెండో వాక్యాన్ని సెబాస్టియన్‌కి చదివి వినిపించింది.

"ఇంకోసారి చదవమ్మా" అన్నాడాయన.

అవతల, కేసు ఛేదించినందుకు బసవపున్నయ్య మెడలో దండ పడింది. "నేను పొరపాటున పడలేదు. వ్యూహాత్మకంగా పడ్డాను!"

ఆ సినిమా వచ్చాక, తుఫానులో హీరోగారి జుట్టు ఎగిరినప్పుడు ఈలలు వేయండి, తప్పులేదు. చివర్లో పడే పేర్లలో సెబాస్టియన్ పేరుండదు. ఆ గాలి వీస్తున్నప్పుడైనా, దుమ్ముకి కళ్ళు చికిలించుకుని కెమెరా వెనక నిలబడ్డ ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి.