పక్కింటి ఎర్ర కారు

ఆ శనివారం పొద్దున విర్జిల్ స్టాట్లర్ పెట్టుకున్న పనులు నాలుగే. కాఫీ తాగాలి, గ్యారేజీలోంచి నిచ్చెన తీయాలి, చూరు గొట్టాల్లో కుళ్ళిన ఆకులు తోడిపోయాలి, ఎండెక్కాక తన పికప్ ట్రక్కు కడుక్కోవాలి. టొలీడో శివార్లలో, మా వీధిలో, మగవాళ్ళ శనివారాలన్నీ ఇలాగే గడుస్తాయి. కానీ విర్జిల్ నిచ్చెన మీద రెండో మెట్టు ఎక్కేసరికి పక్కింటి గ్లెన్ కోవాల్స్కీ వాకిట్లో ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు వచ్చి ఆగింది. అందులోంచి గ్లెన్ దిగాడు. ఊరికే దిగలేదు. నేలకి జానెడెత్తులో ఉన్న సీటులోంచి ఒక చేత్తో తలుపు, ఇంకో చేత్తో మోకాలు పట్టుకుని, మూలిగి, ఆ తరవాత మొహానికి నవ్వు పులుముకుని దిగాడు.

విర్జిల్ నిచ్చెన దిగిపోయాడు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో పిల్లలకి ఇంజన్లు విప్పడం, బిగించడం నేర్పిన మనిషాయన. కార్ల విషయంలో వీధిలో ఆయన మాటే వేదం. గ్లెన్ జన్మంతా తివాచీలు అమ్మి రిటైరైనవాడు. టైరులో గాలి ఉందో లేదో కూడా విర్జిల్‌ని పిలిచి చూపించుకునేవాడు. అలాంటివాడికి అలాంటి కారా? ఎంత అన్యాయం!

ఈలోగా విర్జిల్ భార్య నోరీన్ ఇంటి చెప్పులతోనే గడ్డి దాటుకుని వెళ్ళిపోయింది. గ్లెన్ ఆవిడకి తలుపు తీసి పట్టుకున్నాడు. నలభై నిమిషాల తరవాత తిరిగొచ్చింది. జుట్టంతా రేగిపోయి ఉంది, బుగ్గలు కందిపోయి ఉన్నాయి, నవ్వు ఆగడం లేదు.

"గాల్లో తేలినట్టుందనుకో విర్జ్. పాతికేళ్ళుగా మన ట్రక్కులో నేను కూర్చుంటున్నది ఏమిటో ఇప్పుడర్థమైంది."

"ఏమిటో?"

"కుర్చీ వేసిన కాంక్రీటు మిక్సరు."

విర్జిల్ ఆ రోజు ట్రక్కు కడగలేదు. నోరీన్ చేసిన మాంసం రొట్టె కూడా సగమే తిన్నాడు. ముసలితనంలో వీడికీ వేషమేమిటని, మనసులో గ్లెన్‌ని తనకొచ్చిన తిట్లన్నీ తిట్టాడు. పైకి మాత్రం "బావుందిలే" అన్నాడు.

మర్నాడు గ్లెన్ ఆయన్నీ ఎక్కించుకున్నాడు. కారు నిజంగానే బాగుంది. అదే విర్జిల్ బాధ. ఊరి చివర రైలు పట్టాలు దాటుతుంటే ఎక్కడో లోపల "టక్, టక్" మని వినిపించింది. విర్జిల్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది.

"ఒరేయ్ గ్లెన్, విన్నావా?"

"ఏంటి?"

"ఆ చప్పుడు. డాష్‌బోర్డు వెనక, ఎడమ పక్క."

"నాకేం వినపళ్ళేదురా."

"కొత్త మోజులో నీకేం వినపడుతుంది? వెనక్కి తిప్పు, మళ్ళీ దాటుదాం."

అయిదుసార్లు దాటారు. అయిదోసారి గ్లెన్ మొహం పాలిపోయింది. "అవున్రోయ్" అన్నాడు. అది మొదలు అతనికి రేడియో వినిపించలేదు, ఇంజను వినిపించలేదు, టక్కు టక్కే వినిపించింది.

వారంటీ ఉంది కదా అని గ్లెన్ కారుని సర్వీసుకిచ్చాడు. వాళ్ళు బదులుగా ఒక బూడిదరంగు బుల్లికారు ఇచ్చి పంపారు. గ్లెన్ అందులో ముడుచుకుని కూర్చుని వారం రోజులు తిరుగుతుంటే విర్జిల్‌కి కంటినిండా నిద్ర పట్టింది. వారమయ్యాక ఎర్ర కారుతో పాటు ఒక కాగితం వచ్చింది. "చప్పుడు వినబడలేదు. కారు బాగానే ఉంది."

"వినబడకపోవడమేంట్రా?" అన్నాడు విర్జిల్. "నిన్ను చూసి అమాయకుడనుకున్నారు. ఈసారి నేనొస్తా పద."

సర్వీసు కౌంటరు దగ్గర టమారా అనే అమ్మాయి ఉంది. ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "కారు ఎవరిది సార్?" అని అడిగింది.

"కారు వాడిది, చెవులు నావి" అన్నాడు విర్జిల్. గ్లెన్ ఫోను ఎత్తడని చెప్పి, కాగితం మీద తన ఇంటి నంబరే రాయించాడు. కారు గురించి చెడువార్త వస్తే ముందు తనకే తెలియాలని ఆయన ఆశ. ఆ నంబరు రాయించకుండా ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

ఈసారి మెకానిక్కులు డాష్‌బోర్డంతా ఊడదీసి బిగించారు. తొమ్మిది రోజులకి కారు వచ్చింది. చప్పుడు పోలేదు. పైగా కుడివైపు అద్దం పైకి రావడం మానేసింది. ఆ రోజే కుండపోతగా వాన. కారులో గొడుగు వేసుకుని డ్రైవు చేస్తూ ఇంటికొచ్చిన గ్లెన్‌ని కిటికీలోంచి చూసి, విర్జిల్ చెర్రీ కేకు రెండు ముక్కలు తిన్నాడు.

ఇక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ అద్దం బాగుపడింది, ఎండ కాసింది, నోరీన్ మళ్ళీ ఆ కారెక్కి చర్చి సంతకి వెళ్ళొచ్చింది. ఆ కారు గ్లెన్ వాకిట్లో ఉండకూడదు. విర్జిల్‌కి కావలసిందల్లా అంతే. అందుకు మా రాష్ట్రంలో ఒక చట్టం ఉంది. కొత్త కారుని మూడుసార్లు బాగుచేసినా బాగుపడకపోతే కంపెనీయే వెనక్కి తీసుకోవాలి. పనికిమాలిన కారుని ఇక్కడ నిమ్మకాయ అంటారు గనక, దాన్నీ నిమ్మకాయ చట్టమే అంటారు.

"అంత గొడవెందుకురా, అలవాటైపోయిందిలే" అన్నాడు గ్లెన్.

"నీకు తెలీదు, నువ్వు నోరుమూసుకో. స్నేహితుడిగా చెబుతున్నా" అన్నాడు విర్జిల్.

ఆ స్నేహితుడు ఇక దీక్ష పట్టాడు. చప్పుడు ఏ రోజు, ఎన్నింటికి, ఎంత వేగంలో వచ్చిందో పుస్తకంలో రాసుకున్నాడు. కారుకి అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీశాడు. కార్న్‌ఫ్లేక్స్ తింటూ దాని గురించే గొణిగాడు. మూడోసారి కారు సర్వీసుకి వెళ్ళినప్పుడు రోజూ అక్కడికి పోయి కూర్చున్నాడు. చివరికి పద్నాలుగు పేజీల వాంగ్మూలం రాసి, "ఈ లోపం ఏనాటికీ బాగుపడదు" అని ముగించి సంతకం పెట్టాడు.

ఇదంతా నోరీన్ చూస్తూనే ఉంది. టమారా ఫోను చేసినప్పుడల్లా ఎత్తింది కూడా ఆవిడే.

"సార్ రోజూ వచ్చి ఆ కారునే చూస్తూ కూర్చుంటారు మేడమ్. అంత ప్రేమ ఉన్న మనిషిని నేనెక్కడా చూళ్ళేదు" అంది టమారా.

నోరీన్ మనసు కరిగిపోయింది. "పిచ్చి మానవుడు. ఆశపడ్డాడు, అడగడానికి మొహమాటం" అని చెల్లెలికి ఫోనులో చెప్పుకుంది. టమారాతో మాత్రం, "దాని సంగతి ఏమైనా తేలితే నాకు చెప్పమ్మా, ఆయనకి కాదు" అంది.

రెండు నెలలకి కంపెనీ దిగొచ్చింది. ఎర్ర కారు గ్లెన్ వాకిట్లోంచి వెళ్ళిపోయింది. ఖాళీ వాకిలి చూసి విర్జిల్ ఈల వేసుకుంటూ ట్రక్కు కడిగాడు. ఆ ఈల మంగళవారం దాకా సాగింది. మంగళవారం గ్లెన్ నీలంరంగు కారులో దిగాడు. అదే జాతిది, అంతకన్నా పెద్ద ఇంజను, ఆ ఏడాదే వచ్చిన మోడలు.

"డబ్బు వెనక్కి తీసుకుంటావనుకున్నానే" అన్నాడు విర్జిల్.

"డబ్బేం చేసుకోనురా? కొత్త కారైనా అడగొచ్చని నువ్వు రాసిన కాగితాల్లోనే ఉంది. పదమూడో పేజీ." గ్లెన్ ఆయన్ని గట్టిగా కావలించుకున్నాడు. "నీ మేలు మర్చిపోను. పట్టాల మీద దాటించి చూశా. చప్పుడన్న మాటే లేదు."

విర్జిల్ నాలుగు రోజులు పడక దిగలేదు. నడుము నొప్పి అన్నాడు. అయిదో రోజు శనివారం, నోరీన్ ఆయన్ని లేపి, కళ్ళు మూసి, వాకిట్లోకి నడిపించుకొచ్చింది. చేతులు తీసేసరికి ఎదురుగా ఎర్ర కారు. వీధిలోవాళ్ళంతా చుట్టూ చేరి చప్పట్లు కొడుతున్నారు.

"ట్రక్కేదీ?" అన్నాడు విర్జిల్. నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే.

"టమారా వాళ్ళకిచ్చేశా. పాపం, వద్దనకుండా తీసుకున్నారు. వెనక్కొచ్చిన కారు గనక తక్కువకే ఇచ్చారు. మిగతాది అలాస్కా ఓడ టిక్కెట్లకని నేను దాచిన డబ్బు. అలాస్కా ఎక్కడికీ పోదులే." ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. "నువ్వా కారుని చూసే చూపు చూసి తట్టుకోలేకపోయాను విర్జ్. నాకొక్క మాట చెప్పకూడదూ?"

ఆరేళ్ళుగా ఫ్రిజ్ తలుపుకి ఆ ఓడ బొమ్మ అంటించుకున్న మనిషావిడ. విర్జిల్ కళ్ళమ్మట నీళ్ళు కారాయి. జనం ఆనందబాష్పాలనుకున్నారు.

ఇద్దరూ బయల్దేరారు. నోరీన్ కిటికీ దింపి, జుట్టు గాలికొదిలేసి, ఆయన మోకాలి మీద చెయ్యి వేసి కూర్చుంది. రైలు పట్టాల దగ్గర గ్లెన్ నీలం కారు వాళ్ళని దాటుకుని మెత్తగా, సద్దు లేకుండా వెళ్ళిపోయింది. విర్జిల్ పళ్ళు నూరి పట్టాలెక్కించాడు. "టక్, టక్, టక్." మూడోది కొత్తది.

"ఏదో చప్పుడొస్తోంది కదూ?" అంది నోరీన్. "దీనికీ ఏడాది వారంటీ ఉందట. సోమవారం నేనూ వస్తా, టమారాకి చూపిద్దాం. దీని కాగితాలన్నీ తన దగ్గరే ఉన్నాయంది, అందులో ఒకటే పద్నాలుగు పేజీలట, కూర్చుని చదువుదాం."

విర్జిల్ ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ అంత సంతోషంగా ఉండగా చూసి చాలా ఏళ్ళయింది.

"చప్పుడా? నాకేం వినబడ్లేదే" అన్నాడు.

ఆ వారంటీ ఏడాదంతా ఉంది, విర్జిల్ ఒక్కసారి కూడా వాడుకోలేదు.