బొట్టు పెట్టిన షేకర్

విజయదశమి మర్నాడు శ్వేత వేసుకున్న పథకం చాలా చిన్నది. పుంగనూరులో ఏడున్నర బస్సెక్కాలి. తొమ్మిదికల్లా మదనపల్లె పరిశోధన కేంద్రంలో గొట్టాలను ఊపే మిషను షేకర్ మూత తీసి, గాజు గొట్టాల్లో ప్రొటీన్ ముద్ద కట్టిందో లేదో చూడాలి.

వణుకుడు జబ్బులో మెదడు కణాలను చంపే ముద్దలవి. ఒంటి వేడిలో ఏడు రోజులు ఆపకుండా ఊపితేనే కడతాయి. దసరాకు ఊరికి పోయేముందు సగం గొట్టాల్లో ఆమె తన మందు కలిపి, అన్నిటినీ మిషనులో పెట్టింది. మందు లేనివాటిలో ముద్ద కడితేనే మందు పనిచేసిందని చెప్పగలదు. ఆ ఫలితం మధ్యాహ్నం తనిఖీకి వచ్చే కమిటీకి చూపిస్తేనే ఆమె ఉద్యోగం ఇంకో రెండేళ్ళు నిలుస్తుంది.

మూత తీయకముందే ఆమెకు ఒళ్ళు మండింది. షేకర్‌కు మూడు విభూతి పట్టెలు, కుంకుమ బొట్టు, బంతిపూల దండ. మిషను కదలడం లేదు. ఆయుధపూజనాడు పనిముట్లకు విశ్రాంతి ఇవ్వాలి కదా మరి!

"ఏమప్పా మునిరత్నం, దీన్ని ఆపమని నీకెవురు చెప్పినారు?"

అటెండరు మునిరత్నం చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "అమ్మా, ఒక మాట..."

"మాటలొద్దు. ఏడు దినాలు ఆడాల్సిన మిషను. నీ పూజకు నా బతుకే దొరికిందా?"

"అది కాదమ్మా, నేను..."

"నోరెత్తొద్దు."

కోపమొస్తే చెవులు పనిచేయవు గానీ వేళ్ళు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తాయి. శ్వేత దండ వేసిన షేకర్ ఫొటో తీసి, కింద 'మూఢత్వం' అని రాసి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టింది. అది చూసి, ఎవరి పనిముట్టుకు వాళ్ళు బొట్టు పెట్టుకున్న ఎలక్ట్రీషియన్లు, ఊడ్చేవాళ్ళు వరండాలో బైఠాయించారు. కమిటీని తీసుకురావాల్సిన డ్రైవరు నారాయణప్ప కారు తాళం జేబులో వేసుకున్నాడు. "మూఢులు నడిపే కారు పెద్దోళ్ళకు యాల?" అన్నాడు. కమిటీ పలమనేరు బస్టాండులో కారు కోసం ఎండలో నిలబడిపోయింది.

శ్వేత తగ్గిందా? తగ్గలేదు. 'క్షమించరాని నిర్లక్ష్యం, వెంటనే ఉద్యోగం నుంచి తొలగించాలి' అని మునిరత్నం పేరు మీద మెమో రాసి, డైరెక్టరు భీమరావును ల్యాబుకే పిలిపించి ముందు పెట్టింది.

భీమరావు పెన్ను తీసి, మునిరత్నం వైపు తిరిగాడు. "నువ్వేమన్నా చెప్పుకుంటావా?"

"పొద్దున్నుంచి అదే చెప్పబోతాండా సార్. నేను ఆపలేదు. మేడమ్ సెలవు మీద ఊరికి పోయిన కాడ్నుంచి అది కదల్నే లేదు. పండక్కి మేడమే రెస్టు ఇచ్చినారనుకొని బొట్టు పెట్నా."

భీమరావు దండ పక్కకు జరిపి, మిషను తెర మీది కుంకుమ తుడిచాడు. వేడి: ముప్పై ఏడు. పెట్టిన గడువు: ఏడు రోజులు. ఆడిన సమయం: సున్నా. అన్నీ సరిచేసి పెట్టిన మనిషి స్టార్టు బటన్ నొక్కడం మరిచిపోయింది.

శ్వేతకు కోపం మాత్రం దిగలేదు, ఎవరి మీద దిగాలో దానికి తెలియలేదు.

భీమరావు పెన్ను మూసి, మెమో ఆమె చేతికిచ్చాడు.

"అంతా బాగా రాసినారమ్మా. పేరొక్కటి మార్చి తీసుకురండి."